కూసో బిడ్డా, లేవకు

మా నెట్ సెంటర్ అక్క పోయింది. పోయిన ఆదివారం పొద్దున పళ్లు తోముకుంటుంటే ఫోన్ వచ్చింది. చేసినవాడు ఒకప్పుడు బోరు లారీ మీద తిరిగిన మనిషి. "అన్నా, అక్క లేదన్నా," అన్నాడు.

"మా" అని రాశాను గానీ ఆమె నాకు చుట్టం కాదు. నిజం చెప్పాలంటే మొదట్లో పెద్ద తలనొప్పి. రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో నేను ఖమ్మంలో ఒక ఇంటర్నెట్ కంపెనీ కౌంటర్ మీద కూర్చునేవాణ్ని. ఫోన్ లైనుకు మోడెం తగిలించి, అది గీపెట్టి గీపెట్టి నంబరు కలిపేదాకా ఎదురుచూసే రోజులవి. ఆమెది భద్రాచలం రోడ్డులో అడవి అంచున ఉన్న మండల కేంద్రం. ఎస్టీడీ బూతునే నెట్ సెంటర్ చేసి నడిపేది. ఒకరోజు బస్సు దిగి నేరుగా మా కౌంటర్ దగ్గరికొచ్చి, తమ ఊరికి టెలిఫోన్ ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ వచ్చిందనీ, ఇక మా కనెక్షన్ వద్దనీ, మేమిచ్చిన మెయిల్ అడ్రసు మాత్రం ఉండాలనీ చెప్పింది. నాకు ఒళ్లు మండింది. మా కనెక్షనే వద్దన్నాక మా మెయిల్ ఎందుకు మేడం, కుదరదు అన్నాను.

"కుదరదని నాకూ తెలుసు తమ్మీ. ఎట్ల కుదురుతదో చెప్పు."

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కుర్చీ చూపించినా కూర్చునేది కాదు. పని అయ్యేదాకా కౌంటర్ ముందు నిలబడే ఉండేది, చంకలో పొడుగాటి నోటుబుక్కు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేది, అంతే. అందుకని తెరమీద ఏ ఎర్రర్ వచ్చినా పెన్సిల్‌తో బొమ్మ గీసుకొచ్చేది. చుట్టూ డబ్బా, మూలన ఇంటూ గుర్తు, లోపల అక్షరాలు ఒక్కటీ పొల్లుపోకుండా. మొదట్లో ఆ బొమ్మలు చూసి ఆఫీసంతా నవ్వాం. డిగ్రీలు చదివిన కస్టమర్లేమో ఫోన్ చేసి, "ఏదో వచ్చిందండీ, పోయిందండీ," అనేవాళ్లు. అక్క బొమ్మ చూస్తే తప్పెక్కడుందో రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. నవ్వడం మానేశాం.

ఆ అడ్రసు ఆమె ఒక్కదానిదే కాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనికోసం బయటికి పోయినవాళ్లంతా ఇంటికి కబురు చేసేది దానికే. పైన ఎవరి పేరుంటే వాళ్లది కాగితం మీద రాసిపెట్టి, సోమవారం సంతకు వచ్చినప్పుడు చదివి వినిపించేది. కనెక్షన్ మారేముందే అందరికీ కొత్త అడ్రసు పంపింది. నోటుబుక్కులో ఒక్కొక్క పేరుకు ఎదురుగా, జవాబు వచ్చినట్టు టిక్కు. ఒక్క పేరుకు మాత్రం టిక్కు పడలేదు.

వాడిది అడవి లోపల గూడెం. బోర్లు వేసే లారీతో రాష్ట్రాలు తిరిగేవాడు. సొంత మెయిల్ లేదు. మూడు నెలలకో నాలుగు నెలలకో ఒకసారి, కనబడ్డ నెట్ సెంటర్లోకి పోయి, అక్క రాసిచ్చిన చీటీ చూపించి, ఆ షాపువాడి మెయిల్ నుంచే రెండు ముక్కలు కొట్టించేవాడు. అక్క చూసి జవాబు పంపేసరికి లారీ ఏ జిల్లాలు దాటిపోయేదో. జవాబు పోయి ముక్కూ మొహం తెలియని షాపువాడి దగ్గర పడి ఉండేది. వాడే ఫోన్ చేస్తాడు కదా అన్నాను నేను. కొత్త కనెక్షన్‌తో షాపు ఫోన్ నంబరు కూడా మారిందట.

వాడి తల్లి ప్రతి సోమవారం చింతపండు గంప దింపి ముందు అక్క దగ్గరికే వచ్చేది. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. "ఒచ్చిందా?" అని ఒక్క మాట అడిగేది. పాత అడ్రసు పోతే కొడుకు పంపింది తిరిగి పోతుంది. షాపు మూసేశారనుకుని వాడిక రాయడు. ఈమె మాత్రం సంతకు వస్తూనే ఉంటుంది. "ఆమెకు నేనేం చెప్పాలె తమ్మీ?" అంది అక్క.

మా దగ్గర అన్నిటికంటే చిన్న ప్యాకు ఒకటి ఉంచుకుంటే అడ్రసు బతికి ఉంటుందన్నాను. ఉంచుకుంది. పది రోజులకు మళ్లీ బొమ్మతో వచ్చింది. మెయిళ్లు వస్తున్నాయి, పోవడం లేదు. లోపలికి తెచ్చుకునేది మా సర్వరు నుంచే అయినా, బయటికి పంపేటప్పుడు ఇప్పుడున్న లైనువాళ్ల సర్వరు పేరు పెట్టాలని చెప్పాను. "తెచ్చేది పాతోళ్లు, పంపేది కొత్తోళ్లు" అని నోటుబుక్కులో రాసుకుని పోయింది. ఆ తర్వాత ఎందరో కస్టమర్లకు నేను అదే మాట చెప్పాను, నాదైనట్టు.

అంతా సర్దుకుందనుకుంటుండగా, జిల్లాలో మెయిల్ అకౌంట్లన్నీ రెండు నెలల్లో ఎత్తేస్తున్నామని మా కంపెనీ నుంచే కబురు. అక్క వచ్చింది. ఈసారి నిజంగానే నా చేతిలో ఏమీ లేదక్కా అన్నాను.

"లేంది ఇడిసిపెట్టు. ఉన్నదేందో చెప్పు."

ఆమె కదిలేటట్టు లేదని సెట్టింగులన్నీ తెరిచి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను. ఊరికి పోయినవాళ్లు పెట్టుకునే జవాబు ఒకటుంది, మెయిల్ రాగానే దానంతటదే తిరిగి పోతుంది, అది మనకెందుకు పనికొస్తుందిలే అన్నాను.

"అది ఎంతసేపట్ల పోతది?"

"నిమిషం కూడా పట్టదక్కా."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చూడగా అదే మొదటిసారి.

"అయితే వాడింక షాపులనే ఉంటడు గదా," అంది.

ఇన్నేళ్లుగా ఆ సెట్టింగు చూస్తున్నాను. నాకెప్పుడైనా తట్టిందా! ఏ రాష్ట్రం షాపువాడైనా చదివేటట్టు, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టమని చెప్పింది. మొదటి లైను మాత్రం షాపువాడికి, తనకొచ్చిన హిందీలో, భాయ్ ఇస్‌కో జానే మత్ దో, ఇతన్ని పోనివ్వకు అని. కింద కొడుక్కి: "కూసో బిడ్డా, లేవకు. మీ అమ్మ బాగున్నది. షాపు ఉన్నది, అడ్రసు మారింది. రాసుకొని పో." దానికింద కొత్త అడ్రసు. ఎవరు మెయిల్ చేసినా ఇదే పోతుందక్కా, ఆఫీసులవాళ్లు ఏమనుకుంటారు అంటే, పోనీ, వాళ్లకేమన్న నష్టమా అంది. మా హెడ్ ఆఫీసు నుంచి అకౌంట్లు ఎత్తేస్తున్నామని ఆమెకు రాసిన పెద్దాయనకు కూడా, కూసో బిడ్డా లేవకు అనే పోయింది. ఆయన నాకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. విషయం చెప్పాను. తీసెయ్యమని మాత్రం అనలేదు.

ప్రతి సోమవారం సాయంత్రం అక్క ఫోన్ చేసి "రాలే" అనేది. రోజులు దగ్గరపడుతుంటే సోమవారం కాకపోయినా నేనే ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టాను. గడువు ఇంకా ఎనిమిది రోజులుందనగా అక్క ఫోన్. పాతదానికి వచ్చిందట, జవాబు పోయిందట, వాడు చూశాడో లేదో తెలియదట. మూడో రోజు మళ్లీ ఫోన్.

"వచ్చింది తమ్మీ. కొత్తదానికి." పెట్టేసింది.

ఆ ఉద్యోగం వదిలి చాలా కాలమైంది. ఇప్పటికీ ఈ వైర్ల పనిలోనే ఉన్నాను. ఎవరికైనా కుదరదు అనబోయినప్పుడల్లా ఆమె నా ఎదురుగా నిలబడుతుంది, కూర్చోకుండా. నాకు పని నేర్పింది కంపెనీ కాదు, ఆమె.

చివరిచూపుకు పోయాను. షాపు ముందు ఆ తల్లి కూర్చుని ఉంది, బాగా ముసలిదైపోయింది. పక్కన కొడుకు. ఇప్పుడు ఊళ్లోనే మోటార్లు బాగుచేసుకుంటున్నాడు. ఆ జవాబు అందిన రోజు ఏమైందో అప్పుడు చెప్పాడు నాకు. మెయిల్ పంపించి బయటికి వచ్చేశాడట. లారీ హారన్ కొడుతోందట. షాపువాడు ఉరికొచ్చి చొక్కా పట్టుకుని లోపలికి గుంజుకుపోయి కూర్చోబెట్టి చదివి వినిపించాడట. తిరిగి రాయించడానికి టైము లేదు, జేబులో కాగితం లేదు. అడ్రసు చేతి మీద రాయించుకుని లారీ ఎక్కాడు.

"ఆ సాయంత్రమే బోరు పడ్డదన్నా. బురదనీళ్లు మీదికి ఎగజిమ్ముతుంటయి గదా. చేతికి పాలిథిన్ కవరు చుట్టి సుతిలి తాడు గట్టిన. అందరు నవ్విండ్రు. ఇంకో షాపు దొరికేదాంక రెండు దినాలు ఇప్పలే," అన్నాడు.

అంటూ ఎడమచెయ్యి కొంచెం పైకెత్తాడు, అప్పుడు నీళ్లకు అందకుండా ఎట్లా పట్టుకున్నాడో అట్లాగే.