ఎదురు చెప్పేవాళ్ళ మాస్టారు

మా రాజనీతిశాస్త్రం మాస్టారు పోయిన నెల గుడివాడలో, తమ ఇంట్లోనే కన్నుమూశారు. ఆ కబురు నాకు ఫోన్లో చెప్పింది నాతో కలిసి చదువుకున్న ఒకతను. ఇప్పుడు నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాడు. "మాస్టారు ఇక లేరు" అన్నాడు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన వేరు: ఆ ఇంటివాళ్ళు మొదట అతనికి చెప్పారు, నాకు కాదు.

ఈ అసూయ కాలేజీ రోజుల నుంచీ ఉంది. మాస్టారు చెప్పినదల్లా నాకు నచ్చేది. అతనికి ఏదీ నచ్చేది కాదు. ఆదివారం పొద్దున్నే నేను బందరు నుంచి రైల్లో, అతను అవనిగడ్డ నుంచి బస్సులు మారుతూ మాస్టారి ఇంటికి చేరేవాళ్ళం. నేను చెప్పింది విని "బాగుందమ్మా" అనేవారు. అతను నోరు తెరిస్తే మాత్రం కుర్చీ ముందుకు జరుపుకునేవారు. పక్కన కాఫీ చల్లారిపోతున్నా పట్టేది కాదు.

మాస్టారు జీవితమంతా సమానత్వం గురించి పాఠం చెప్పిన మనిషి. అలాంటాయన ఒక వేసవి అంతా, జనానికి ఓటు ఇవ్వడమే పొరపాటనీ దేశాన్ని ఒక్క గట్టి మనిషే నడపాలనీ రాసిన ఒక విదేశీ ఆలోచనాపరుడి పుస్తకం చదివారు. తెచ్చి ఇచ్చింది ఇంకెవరు, అతనే. అప్పటికి మాస్టారు ఊళ్ళో ఒక చర్చావేదికకు అధ్యక్షులు. వేదిక మిత్రులు కొందరు ఇంటికొచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"ఇలాంటి పుస్తకం మీ చేతిలో చూస్తే పిల్లలు ఏమనుకుంటారండీ?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"చదువుతున్నాననుకుంటారు" అన్నారు మాస్టారు.

"మీరు అటు తిరిగిపోయారంటున్నారు."

"తిరగలేదండీ. ఆయనది తప్పనే ఇప్పటికీ నా నమ్మకం. కానీ పూర్తిగా వినకుండా ఎక్కడ తప్పో ఎలా చెప్పను? ఆయన భయాల్లో కొన్ని నిజమైనవే. మనవాళ్ళెవరూ వాటికి జవాబు చెప్పలేదు."

ఆ మాట వాళ్ళకు మింగుడుపడలేదు. తర్వాతి సమావేశంలో కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. మాస్టారు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చారు. ఇంటికొచ్చే స్నేహితులు తగ్గారు. ఆయన చాలా బాధపడ్డారని వాళ్ళావిడ నాతో చెప్పారు. అయినా ఆ పుస్తకం ఆఖరి పేజీ దాకా చదివారు. తరగతిలో ఆ ఆలోచనాపరుడి వంతు వచ్చినప్పుడు మొదటి అరగంట ఆయన తరఫునే వాదించారు. "మనం చెప్పింది వింటే ఆయన శిష్యుడు కూడా, మా గురువు అన్నది ఇదేనండీ అనాలి. కాదనే హక్కు మనకు ఆ తర్వాతే" అన్నారు. మిగతా అరగంటలో ఎందుకు కాదో చెప్పారు.

ఒకసారి నేనూ ఎదురు చెప్పి చూశాను. దారి పొడవునా రైల్లో సిద్ధం చేసుకున్న వాదన అది. మాస్టారు సగం విని నవ్వారు.

"నీది కాని అభిప్రాయం నాకోసం మోసుకురాకమ్మా. చదువుతుంటే నీకు నిజంగా ఎక్కడ అడ్డు తగిలిందో అక్కడ ఆగు. అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం."

అలా ఆగడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నేనూ బందరులో పాఠం చెప్తున్నాను. నాకు ఒళ్ళు మండించే రచయిత వంతు వచ్చినప్పుడు మొదటి అరగంట ఆయనకే ఇస్తాను. ఆయన మాట వింటూ పిల్లలు తలలూపుతుంటే కడుపు మండుతుంది. అయినా ఇస్తాను.

మాస్టారు పోయే ముందు వారం చూడటానికి వెళ్ళాను. అతను అప్పటికే మంచం పక్కన ఉన్నాడు. మాస్టారికి చూపు ఆనడం లేదు. ఏదో కొత్త పుస్తకం, ఆయన జీవితమంతా నమ్మినదాన్ని కొట్టిపారేసే పుస్తకం, అతను చదివి వినిపిస్తున్నాడు. మాస్టారి నుదురు ముడిపడుతోంది.

"అలిసిపోతారు మాస్టారూ, కాసేపు ఆపమనండి" అన్నాను.

ఆయన నా వైపు చెయ్యి కొంచెం ఎత్తారు, ఉండమన్నట్టు. ముఖం మాత్రం అతని వైపే ఉంది.

"ఆ వాక్యం సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చదువు" అన్నారు.

అతను పేజీ వెనక్కి తిప్పాడు. మాస్టారు దిండు మీద నుంచి తల కష్టంగా పైకెత్తి, చెవి అటు పెట్టారు.