నూనెగానుగల సందులో లస్కరు

గోదావరి మీద రైలు వంతెన కట్టడం ఇంకా మొదలుపెట్టని రోజులవి. ధవళేశ్వరం లాకుల దగ్గర ముప్ఫయ్యేళ్ళు లస్కరుగా పనిచేసిన బుల్లియ్య, నడుం మాట వినడం లేదని పని మానుకుని, రాజమహేంద్రవరం నడిబొడ్డున ఉన్న కూతురింటికి మకాం మార్చాడు. కాలవలో వచ్చే పడవలను ఆపడం, తలుపులు మూసి నీళ్ళు సమం చేయడం, మళ్ళీ తెరిచి ఒక్కొక్కదాన్నే వదలడం, అదీ అతనికి తెలిసిన లోకం. అక్కడ ఎంతటివాళ్ళయినా అతని చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చోవాల్సిందే.

కూతురు వీరవేణి బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. కాపురం నూనెగానుగల సందులో. సందుకు ఒక కొసన గోదావరి రేవు, మరో కొసన పెద్ద బజారు. మధ్యలో నలభై కొంపలు, ఒకదాని మీద ఒకటి ఒరిగి నిలబడ్డట్టుంటాయి. పక్కింటి రత్నమాణిక్యం పప్పు ఎనుపుతుంటే వీళ్ళింట్లో ఉట్టి ఊగుతుంది. బుల్లియ్య తుమ్మితే గోడ అవతలి నుంచి "చిరంజీవ, బాబాయ్!" అని వినబడుతుంది.

"ఇదేం ఊరే వేణీ! తుమ్ముకోడానికి కూడా సొంత జాగా లేదు" అన్నాడు మూడో రోజున.

"అలవాటైపోద్ది నాన్నా. నాకిప్పుడు మనూరెళ్తే నిద్దరే పట్టదు. చెవులు ఖాళీగా ఉంటాయి."

ఎనిమిదో రోజు పొద్దున చద్దన్నం తిని అరుగు మీద కూర్చున్నాడు. వాళ్ళ ఇల్లు సరిగ్గా సందు వంపు తిరిగే చోట ఉంది. రేవు వైపు నుంచి బియ్యం బస్తాల బండి, బజారు వైపు నుంచి తెలగపిండి బండి వచ్చి ఆ వంపులో ముఖాముఖీ నిలబడ్డాయి. బండివాళ్ళు ముందు 'బావా' అనుకున్నారు. తరవాత ఒకరి ఎద్దుల వంశాన్ని మరొకరు ఎత్తారు. వెనక ఒక జట్కా, దాని వెనక కుండల బండి చేరాయి. ఎదురరుగు మీది మంగలి సగం గీసిన తలను వెంటబెట్టుకుని లోపలికి పోయాడు.

"రోజూ ఇంతే బాబాయ్. మాకూ పొద్దుపోద్ది" అంది రత్నమాణిక్యం, గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతూ.

బుల్లియ్యకు ఒళ్ళు మండిపోయింది. లాకుకి రెండు వైపులా తలుపులు ఒకేసారి తెరిచినట్టుంది వ్యవహారం! తలకు చుట్టిన ఎర్రగుడ్డ విప్పి, లేచి, సందు మధ్యలో నిలబడ్డాడు.

"ఆగండెహె! దిగువ బండి వెనక్కి! ఎగువ బండి ముందుకి!"

"దిగువేంటి, ఎగువేంటి?" అన్నాడు బియ్యం బండివాడు.

"రేవు దిగువ. బజారు ఎగువ. ఆ మాత్రం తెలవకుండా బండెలా కట్టావయ్యా?"

తెలియదని ఒప్పుకోడానికి సిగ్గేసి, అతను ఎద్దుల్ని వెనక్కి తోలాడు.

నెల తిరిగేసరికి సందుకు కట్టుబాటు ఏర్పడింది. ఎగువ నుంచి అయిదు బళ్ళు, తరవాత దిగువ నుంచి అయిదు. నీళ్ళబిందెలతో వచ్చే ఆడవాళ్ళకు అడ్డు లేదు. ఆవులకు కట్టుబాటే లేదు, అవి వినవు కనక. ఎవరి కోడలు పుట్టింటికి పోతోందో, ఎవరి గానుగ ఆగిపోయిందో అన్నీ బుల్లియ్యకు తెలిసేవి. 'ఇదేం ఊరు' అనడం మానేసి 'మన సందు' అనడం మొదలుపెట్టాడు.

అప్పుడే రేవు దగ్గర కొత్తగా ఒక ప్లీడరుగారు కాపురం దిగారు. ఒకనాడు కోర్టుకు పోతూ జట్కాలో సందులోకి వచ్చారు. ఎర్రగుడ్డ లేచింది.

"ఏ చట్టం కింద ఆపుతున్నావ్?" అన్నారాయన.

"నీళ్ళు సమం అవ్వాలండి" అనేశాడు బుల్లియ్య, పాత అలవాటు కొద్దీ.

"నీళ్ళా? ఎక్కడయ్యా నీళ్ళు? ఉత్తర్వు ఉందా? ముద్ర వేసిన కాగితం?"

సందంతా గొల్లున నవ్వింది. అతన్ని చూసి నవ్వడం అదే మొదలు. బుల్లియ్య పక్కకు తప్పుకుని, గుడ్డ తలకు చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

"లాకుల కాడ నాకు ఇత్తడి బిళ్ళ ఉండేదే. ఇక్కడ నేనెవర్ని, ఆపడానికి?" అన్నాడు కూతురితో.

మర్నాడు పొద్దెక్కాక సందులో గోల మొదలైంది. బుల్లియ్య కదల్లేదు. రత్నమాణిక్యం గోడ అవతలి నుంచి సంగతులు అందించింది. వంపులో తెలగపిండి బండి. దానికెదురుగా ప్లీడరుగారి జట్కా, రెండరుగుల మధ్య చక్రాలు ఇరుక్కుని దిగడానికి వీల్లేకుండా. జట్కా వెనక రేవు నుంచి వస్తున్న ఎండుచేపల బండి. ప్లీడరుగారు జట్కాలో వెనక్కి తిరిగి కూర్చున్నారేమో, చేపలు నేరుగా ఆయన మొహంలోకే చూస్తున్నాయి.

"బాబాయ్, అయ్యగారు పచ్చబడిపోతున్నారు!"

"నాకు చట్టం తెలవదమ్మా" అన్నాడు బుల్లియ్య, అన్నంలో మజ్జిగ పోసుకుంటూ.

కాసేపటికి వీధిలోంచి నీరసంగా ఒక గొంతు వినబడింది. "బుల్లియ్యగారూ!"

"ఏంటండి?"

"ఒకసారి బయటికి రండి."

"కాగితం లేదండి."

"వాడుక కూడా చట్టమేనండీ! వీధివాళ్ళంతా ఒప్పుకున్నది వాడుక. ఏమర్రా, ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నాం!" అంది సందంతా. తెలగపిండి బండివాడు రెండుసార్లు అన్నాడు.

బుల్లియ్య అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. తల గుడ్డ విప్పుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడేసరికి ఛాతీ కాస్త ముందుకు వచ్చింది.

"దిగువవి వెనక్కి!"

"నేను కూడానా?" అన్నారు ప్లీడరుగారు.

"తమరు కూడానండి. వాడుక."

రేవుదాకా ఎండుచేపలతో ముఖాముఖీగానే వెనక్కి నడిచింది జట్కా. ఆ రోజు కోర్టులో ఆయన పక్క బెంచీ ఖాళీగా ఉందని చెప్పుకున్నారు. పాపం, మంచివారే. ఆ తరవాత ఏనాడూ మారుమాట్లాడకుండా తన వంతు కోసం ఆగేవారు.

మరో తొమ్మిదేళ్ళు బుల్లియ్య ఆ వంపులోనే నిలబడ్డాడు. ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం దిగలేకపోతే రత్నమాణిక్యం చీర కొంగు బిగించి తన చేత్తో గుడ్డ పట్టింది. మొదటి రోజే తన ఆడబిడ్డ ఎక్కి వచ్చిన బండిని మిట్టమధ్యాహ్నం దాకా ఆపేసింది. ఆ ఆడబిడ్డ మండిపడుతూ బుల్లియ్య మంచం దగ్గరకు వచ్చి ఫిర్యాదు చేసింది. అతను దుప్పట్లోంచి మొహం బయటపెట్టి అంతా శ్రద్ధగా విన్నాడు. తను లేచేదాకా రత్నమాణిక్యం చెప్పిందే ఖాయమని తీర్పు చెప్పి, వచ్చినావిడ ఎలాగూ నిలబడే ఉంది కదా అని, కాస్త అల్లం కషాయం కాచి పెట్టమని అడిగాడు.