గోవిందు ఏరుకున్న చాకు

గోవిందు మా అంగట్లో ఒక చాకు ఏరుకునేలోపల నేను పారలు, గడపారలు, ఒక బావి గిలక అమ్మేసి, టీ తాగి, ఖాళీ గ్లాసు కూడా వెనక్కి పంపేశాను. మాది చిత్తూరు బజారు వీధిలో ఇనుప సామాన్ల అంగడి. బేరానికి వచ్చినవాడు ఎంతసేపు నిలబడినా విసుక్కోకూడదని మా నాయన చెప్పేవాడు. ఆ ఓపిక ఆయనతోనే పోయింది. జేబులో వేసుకునే మడత చాకు ఒకటి కొనడానికి ఇంత తపస్సు ఎందుకని నాకు చిరాకెత్తింది.

"ఏమప్పా గోవిందూ, పెండ్లికూతుర్ని ఏమన్నా సూస్తా ఉండావా?" అన్నాను.

"దినామూ ఒంటిమింద ఉండేది కదన్నా. సరిగ్గా సూసుకోవాల" అని నవ్వాడు.

గోవిందుకు నలభై దాటాయి. పూతలపట్టు అవతల మునిరామయ్య మామిడితోటలో ఉంటాడు. వాళ్ల నాయన ఆ తోటకు కాపలాదారు. గోవిందు పసివాడిగా ఉన్నప్పుడే ఆయన పాము కరిచి పోయాడు. తల్లి అంతకుముందే లేదు. మునిరామయ్యకూ శకుంతలమ్మకూ పిల్లలు లేరు. ఆ పిల్లవాణ్ణి ఇంట్లోకి తెచ్చుకుని సాకారు. దత్తత తంతు ఏదీ జరగలేదు. అది కావాలని ఎవరికీ తోచలేదు కూడా. వాడు ఆయన్ను 'నాయనా' అని పిలిచాడు, ఆయన పలికాడు. మా అంగడికి ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు. "మా కొడుకు, రంపం సరిగ్గా సూసియ్యి" అని మునిరామయ్య నాతో అనేవాడు. ఈమధ్య ఊపిరి అందక ఆయన మంచం దిగడం లేదు. అందుకే ఈసారి గోవిందు ఒక్కడే వచ్చాడు.

బల్ల మీద ఉన్న చాకులన్నీ పరిచాను. మీట నొక్కితే టక్కున తెరుచుకునే తళతళలాడే రకం ముందు చూపించాను. కుర్రకారు దానికే పడిపోతారు. గోవిందు దాన్ని తెరిచి, బొటనవేలితో వెనక్కి నొక్కి చూశాడు. "బిగువు లేదన్నా. కొమ్మ కోస్తా ఉంటే ఏలిమింద మూసుకుంటాది" అని పక్కన పెట్టాడు. సీసా మూత తీసేది, డబ్బా కోసేది, గోరు తీసేది అన్నీ కలిపి ఉన్నదాన్ని అరచేతిలో తూచి, "ఇది జేబులో ఉంటే నిక్కరు జారిపోతాది" అన్నాడు. ప్లాస్టిక్ పిడి తడిచేతికి నిలవదన్నాడు. ఇక మిగిలింది చెక్క పిడిది, అంటు కట్టేవాళ్లు వాడే రకం. తెరిస్తే కదలకుండా నిలుస్తుంది, మూస్తే పిడిలో మునిగిపోతుంది. అయితే మామూలు ఉక్కు, నూనె రాయకపోతే తుప్పు పడుతుంది. అదే మోస్తరుది స్టీలులో ఉంది, తీసుకోమన్నాను.

"స్టీలు అయితే ఇనుము కింద లెక్కకు వస్తాదా అన్నా?" అని అడిగాడు గోవిందు.

ఆ ప్రశ్నతో నాకు విషయం అర్థమైంది. మా వైపు తండ్రికి తల కొరివి పెట్టినవాడు కర్మ ముగిసేదాకా ఒంటిమీద ఇనుము ఉంచుకోవాలి. తింటున్నా, పడుకున్నా, పొలానికి వెళ్లినా అది వదలకూడదు. వదిలితే పోయినవాళ్ల గాలి సోకుతుందని భయం. కొందరు తాళంచెవి కట్టుకుంటారు, కొందరు కొడవలి నడుముకు చెక్కుకుంటారు.

"మునిరామయ్య బతికే ఉండాడు కదప్పా! ఇప్పుడే కొంటారా ఇట్లాంటివి?" అని కసిరాను.

వాడు సెల్లు తీసి ఇంటికి కలిపి నా చేతికిచ్చాడు. అవతల మునిరామయ్య ఆయాసపడుతూనే దబాయించాడు.

"బాలచంద్రా, వాన్ని ఏమీ అనొద్దు. నేనే పంపిస్తి. మా నాయన పోయినబ్బుడు కొడవలి నడుముకు చెక్కుకోని తిరిగినా. నిద్దట్లో గీసుకోని తొడంతా రగతం. వీనికి ఆ తిప్పలెందుకు? మడిచే సాకు అయితే జేబులో పడుంటాది. కర్మ అయినంక అంటు కట్టేదానికి పనికొస్తాది."

"నువ్వు పోయినంక కొంటే కాదా?"

"నేను పోయినంక వాడు అంగడికి వస్తాడా? మూల కూసోని ఏడుస్తా ఉంటాడు."

చెక్క పిడి చాకునే ఇచ్చేశాను. గోవిందు దాన్ని పంచె కింది నిక్కరు జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తడుముకుని వెళ్లాడు. కొరివి పెట్టే హక్కు గోవిందుదేనని ఆ పెద్దాయన నోటితో అన్నాడు, వాడికి అంతకన్నా ఏం కావాలి? తోట రాసిస్తానన్నా వాడి ముఖంలో ఆ కళ వచ్చేది కాదు.

రెండు నెలలకు మునిరామయ్య పోయాడు. కబురు అందగానే అంగడి మూసి వెళ్లాను. ఇల్లంతా చుట్టాలే. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు, ఆయన మంచంలో ఉన్నప్పుడు గడప తొక్కనివాళ్లు కూడా ఆయన గుణగణాలు వర్ణిస్తున్నారు. గోవిందు తడిపంచెతో శవం తలవైపు నిలబడి ఉన్నాడు. ఎవరూ కాదనలేదు. అప్పటిదాకా అందరి కళ్లకూ వాడే కొడుకు.

పెత్తనమంతా జయరావుది. శకుంతలమ్మకు అన్న. మునిరామయ్య తమ్ముడి కొడుకు మోహన్‌కృష్ణ బెంగళూరు నుంచి కారులో అప్పుడే దిగాడు. పాపం, ఆ పిల్లవాడు ఏ ఆశతోనూ వచ్చినట్టు నాకు అనిపించలేదు. చెప్పులు ఎక్కడ విడవాలో కూడా తెలియక గుమ్మం దగ్గర తచ్చాడుతున్నాడు.

"కొరివి పెట్టేవానికి ఇనుము ఏదన్నా తేండప్పా" అన్నాడు జయరావు.

గోవిందు జేబులో చెయ్యి పెట్టి చాకు తీశాడు. అక్కడే కొంప మునిగింది.

"కొత్తదిగా ఉండాదే. ఎప్పుడు కొన్నావురా?"

"రెండు నెల్లాయ మామా."

ఇంకొకడైతే పొద్దున కొన్నానని చెప్పి బతికిపోయేవాడు. వీడికి ఆ తెలివి ఉంటే ఈ కథే లేదు.

"రెండు నెల్లా?" జయరావు గొంతు వీధిలోకి వినిపించింది. "మా బావ బువ్వ తింటా ఉండంగానే ఆయన కర్మకు కత్తి కొని పెట్టుకున్నావా? ఎప్పుడు పోతాడా అని కాసుకోని కూసున్నావా?"

ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారి ఆగి, మళ్లీ రెట్టింపు లేచింది. బతికున్న మనిషికి కర్మ సామాను కొన్నాడంటే మా ఊళ్లలో అది చేతబడి చేసినంత మాట. గోవిందు నోరు తెరిచి, "నాయనే..." అని ఆగిపోయాడు. పోయినాయన మీద తప్పు తోసినట్టవుతుందని మింగేశాడు కాబోలు.

నాకు ఒళ్లు మండింది. ముందుకు వెళ్లి, "అది మా అంగట్లో కొన్నదేనప్పా. మునిరామయ్యే పంపించినాడు. నాతో ఫోనులో మాట్లాడినాడు" అన్నాను.

జయరావు నన్ను కిందికీ పైకీ చూశాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు సెట్టీ? నీ బేరం నువ్వు చేసుకుంటివి. వచ్చినావు, సూసినావు, పక్కన నిలబడు."

అందరూ శకుంతలమ్మ వైపు తిరిగారు. ఫోనులో నేను మునిరామయ్యతో మాట్లాడినప్పుడు ఆమె పక్కనే ఉంది, మందు తాగమని అరుస్తున్న ఆమె గొంతు నేను విన్నాను. ఆమెకు అంతా తెలుసు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఆమె అంటే చాలు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీరు పెద్దోళ్లు. ఎట్ల సెప్తే అట్లనే" అంది. రేపటినుంచి తనకు దిక్కెవరో ఆ క్షణంలోనే లెక్కేసుకుంది. ముసలామె భయం నాకు తెలియనిది కాదు. అయినా ఆమెను ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.

జయరావు చెయ్యి చాపాడు. గోవిందు చాకు ఇచ్చేశాడు. జయరావు దాన్ని మోహన్‌కృష్ణ నడుములో దోపి, నిప్పు కుండ ఎత్తమన్నాడు. గోవిందు చేతిలో ఉన్నంతసేపు పాపిష్టిదైన కత్తి, తమ్ముడి కొడుకు అనిపించుకున్నవాడి నడుములోకి పోగానే పవిత్రమైపోయింది. వేరే ఇనుప ముక్క వెతికే ఓపిక కూడా వాళ్లకు లేదు.

ఆ తర్వాతి సంగతి గోవిందే నాకు చెప్పాడు. మర్నాడు మోహన్‌కృష్ణ తోటలోకి వచ్చి చాకు గట్టు మీద పెట్టాడట. "అన్నా, కూసుంటే గుచ్చుకుంటా ఉండాది. నాకు ఆఫీసు పనికూడా ఉండాది, బెంగళూరు పొయ్యి వస్తా. నీకాడ పెట్టుకో. కర్మ దినం ఇస్తే సాలు" అన్నాడట. వాడి మాటలో దురుసుతనం లేదు, వంకర లేదు. గొడుగు ఇచ్చి పట్టుకోమన్నట్టు ఇచ్చాడు.

గోవిందు చాకు తీసుకున్నాడు. ఒంటిపూట తిన్నాడు. చాప కూడా లేకుండా నేల మీద పడుకున్నాడు. చెప్పులు వేసుకోలేదు, గడ్డం గీసుకోలేదు. పొద్దునా సాయంత్రమూ మునిరామయ్యను కాల్చిన చోటికి వెళ్లి నీళ్లు వదిలి వచ్చాడు. అక్కడ బెంగళూరులో కర్త కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు, ఇక్కడ జీతం లేని కొడుకు దినాలు మోస్తున్నాడు. ఇంట్లోవాళ్లందరూ చూశారు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అవునని కూడా అనలేదు.

కర్మ రోజు నేను మళ్లీ వెళ్లాను. తోటలో మోటారు దగ్గర మంగలి కూర్చుని ఉన్నాడు. కర్తకు గుండు, దాయాదులకు క్షౌరం, తర్వాత తలస్నానాలు. అంతటితో మైల తీరినట్టు. మోహన్‌కృష్ణకు అయింది. వరసగా నలుగురైదుగురు దాయాదులు కూర్చున్నారు. చివర గోవిందు వచ్చి కూర్చున్నాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. తల తడిపి వంచి పెట్టాడు. మంగలి కత్తి ఎత్తాడు.

"నువ్వెందుకప్పా కూసున్నావు?" అన్నాడు జయరావు. ఈసారి కోపంగా కాదు, మెల్లగానే అన్నాడు. "నీకు మైల లేదు కదా. లెయ్యి. వంటోళ్లకి కట్టెలు సాలవంట, సూడు పో."

మంగలి చెయ్యి దించేశాడు. గోవిందు కాసేపు అలాగే వంగి ఉన్నాడు. వెంట్రుకల నుంచి నీళ్లు కారుతున్నాయి. తర్వాత లేచి, జేబులోంచి చాకు తీసి మోహన్‌కృష్ణకు ఇచ్చి, కట్టెలు కొట్టడానికి వెళ్లాడు. నేను జయరావు మొహాన ఉమ్మేసి వచ్చి ఉండాల్సింది. కర్మ ఇంట్లో గొడవ పెట్టుకుంటే నవ్వేది లోకం, నలిగేది గోవిందు అని ఊరుకున్నాను.

భోజనాలయ్యాక మోహన్‌కృష్ణ కారులో అరటిగెలలు పెట్టుకుంటున్నాడు. ఆ చాకుతోనే తాడు కోసి, మడిచి, మెచ్చుకోలుగా చూసి నా దగ్గరికి వచ్చాడు. కర్మ చేసినవాడిదే కదా ఆ కత్తి.

"అంకుల్, మీ అంగట్లో కొన్నదంట కదా. బలే ఉండాది. ఇట్లాంటిది ఇంకోటి ఉంటే ఇస్తారా? మా ఫ్రెండుకి ఇస్తా."

"లేదు నాయనా. అయిపోయినాయి" అన్నాను. అంగట్లో ఒక అట్టపెట్టె నిండుగా ఉన్నాయి.

కర్మ చేసిన వారసుడిగా తోటను మోహన్‌కృష్ణ పండ్ల వ్యాపారికి గుత్తకిచ్చాడు. శకుంతలమ్మను జయరావు తన ఇంటికి తీసుకెళ్లాడు. ఇల్లు తాళం వేసుంది. గుత్త తీసుకున్నాయన గోవిందును మోటారు కొట్టంలో ఉండనిచ్చాడు, కాపలాకు. అంటే పాము కరిచి పోయిన కన్నతండ్రి చేసిన పనికే, ఆయన పడుకున్న చోటికే వాడిని దించారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆ ఇంటికి వెళ్లి చూడాలి.

కాపు అయిపోయాక ఒక రోజు బండి వేసుకుని గోవిందును చూడబోయాను. గడ్డం ఎదమీదికి దిగింది. జుట్టు ముడి వేసుకున్నాడు. ఊళ్లోవాళ్లు కొండకు మొక్కుకున్నాడని అనుకుంటున్నారట. దారిలో టీ అంగడి ఆయన కూడా నాతో అదే అన్నాడు. గోవిందు నాకు మంచం వాల్చి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, తాను నేలమీద కూర్చున్నాడు. గుత్తాయన సంగతి అడిగాను, కాయ ధర అడిగాను. అన్నిటికీ ముక్తసరిగా జవాబు చెప్పాడు.

చివరికి ఆపుకోలేక, "ఎంత కాలమప్పా ఈ వేషం?" అన్నాను. "శనివారం నేను తిరపతి పోతా ఉండా. నువ్వూ రా. నీకు మైల లేదని వాళ్లే అన్నారు కదా, కొండ ఎక్కేదానికి అడ్డమేముండాది? కల్యాణకట్టలో గుండు కొట్టిచ్చుకో, దర్శనం చేసుకుందాం, ఈ పీడ వదిలిపోతాది."

గోవిందు గడ్డంలో చెయ్యి పెట్టి నిమురుకుంటూ మోటారు వైపు, ఆ రోజు మంగలి కూర్చున్న చోటు వైపు చూశాడు.

"ఆడ కొట్టిచ్చుకుంటే సామికి ఇచ్చినట్లు అయితాదన్నా" అన్నాడు. "మా నాయనకి ఇచ్చినట్లు యాడ అయితాది?"