గాజువాకలో నా గ్రాంథికం

తొంభైల నడుమ, మారిషస్ నుంచి చదువుకోవడానికి విశాఖపట్నం వచ్చిన నలుగురు అమ్మాయిల్లో నేనొకదాన్ని. మా పూర్వీకులు చెరకు తోటల పనికి ఓడెక్కింది ఈ తీరాన్నుంచేనని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. మా ఇళ్ళలో ఎక్కువగా మాట్లాడేది ఫ్రెంచి కలిసిన క్రియోల్ భాష. నేను మాత్రం బడిలో తెలుగు చదివాను, పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకున్నాను కూడా. అందుకే మిగతా ముగ్గురూ విమానంలోనే తేల్చేశారు, అక్కడ మాట్లాడే పనంతా నాదేనని. నేనూ కాదనలేదు.

గాజువాకలో ఒక మేడమీద రెండు గదులు అద్దెకు దొరికాయి. కింద ఇంటావిడ, ఆవిడ భర్త ఉండేవారు. ఆయనది ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. మొదటి ఉదయం నేను కిందికి దిగి, చేతులు జోడించి, "అమ్మా, స్నానమునకు ఉష్ణోదకము లభించునా?" అని అడిగాను.

ఆవిడ లోపలికి వెళ్ళి, నిద్రపోతున్న భర్తను లేపుకొచ్చింది.

"ఈ పిల్ల ఏటో మంత్రం సదూతందండీ. మీరినండి."

ఆయన కళ్ళు నులుముకుంటూ రెండుసార్లు విని, "పూజకేటైనా కావాలేమోనే" అన్నాడు.

షేర్ ఆటోలో "ఇచట నిలుపుడు" అంటే ఆటో మొత్తం నవ్వేది. ఆ నవ్వుల్లో డ్రైవరు మా కాలేజీ దాటించేసేవాడు. ఎండలో వెనక్కి నడిచి వచ్చి, సాయంత్రం వ్యాకరణం పుస్తకం తీసి నా వాక్యాలు సరిచూసుకునేదాన్ని. తప్పు ఒక్కటీ కనిపించేది కాదు.

మా నలుగురిలో ఒకమ్మాయి బొద్దుగా ఉండేది, కొత్తవాళ్ళ ముందు నోరు తెరిచేది కాదు. తనకు తెలుగు రాదనేది. మేమూ నమ్మాం.

మూడో ఆదివారం చేపలమ్మే ఆవిడ మా వీధిలో కేకేసింది. ద్వీపంలో పుట్టినవాళ్ళం, మూడు వారాలుగా చేప ముక్క ఎరగం. నేను పరుగున దిగి, ఆవిడ గంప దించగానే, "ఈ మత్స్యముల వెల యెంత?" అన్నాను.

ఆవిడ, గుమ్మంలో ఉన్న ఇంటావిడ వైపు తిరిగింది. "ఏటంతందమ్మా ఈ పాప?"

"నాకేటి తెల్సు? వొచ్చినకాణ్ణించీ ఇదే వరస."

నేను మరింత నెమ్మదిగా, ఒక్కో అక్షరం పలుకుతూ మళ్ళీ అడిగాను. ఆవిడ నిట్టూర్చి గంప తలకెత్తుకోబోయింది. అప్పుడు మెట్ల మీంచి ఒక గొంతు వినపడింది.

"ఓలమ్మా, ఎలిపోకు! నానొత్తన్నాను!"

మా బొద్దమ్మాయి! చెప్పులైనా లేకుండా దిగివచ్చి, గంపలో చెయ్యిపెట్టి ఒక చేపను తిరగేసింది. "ఇయ్యి నిన్నటియ్యి కాదేటి? మొప్పలు ఎర్రగా లేవు."

చేపలావిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎవురి గుంటవే నువ్వు? మా పేటదాన్లాగ మాటాడతన్నావు!"

"మాయమ్మమ్మ ఇలాగే మాటాడతాది."

"ఏవూరు మీ అమ్మమ్మది?"

మా పిల్లకు ఎలా చెప్పాలో తెలియక సముద్రం ఉన్న దిక్కుకు చెయ్యి చూపించింది. "ఓడెక్కాల. ఆ పక్క."

"అంత దూరమెల్లినా మాట మారనేదేటే!" అని ఆవిడ గంప అడుగున దాచిన తాజా చేపలు బయటికి తీసింది. ఇంటావిడ నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది.

చేపలు కడుగుతూ ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది. చిన్నప్పుడు అమ్మమ్మ మాటలు బడిలో మాట్లాడితే టీచరు, "ఇది తెలుగు కాదు, మోటు భాష" అన్నారట. తరగతి అంతా నవ్విందట. ఆ రోజే తెలుగు మానేసింది. వింటూ నేను తల వంచుకున్నాను. అలా నవ్వే తరగతిలో కూర్చుని మొదటి మార్కులు తెచ్చుకున్నదాన్నే కదా.

ఆ పూట నుంచి మా నాయకురాలు తనే. నాకు గురువు కూడా. చాలా కఠినమైన గురువు. బట్టలారేస్తూ "నాను, నువ్వు, ఏటి" అని పదిసార్లు అనిపించేది.

నెల తిరిగేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఆటోలో పక్క సీటు కుర్రాళ్ళు ఎలా ఆపిస్తారో గమనించి పెట్టుకున్నాను. కాలేజీ రాగానే గట్టిగా, "బావా, ఆపు!" అన్నాను.

ఆటో ఠక్కున ఆగింది. డ్రైవరు చెవులదాకా ఎర్రబడిపోయాడు. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఓలమ్మా, అది మగోళ్ళు మగోళ్ళు అనుకునే మాటే! నువ్వు బాబూ అనాల" అంది, నవ్వుతో మాట సరిగా రాక. అయితేనేం, కాలేజీ గేటు ముందు దిగడం నాకదే మొదటిసారి.

చేపలావిడ మమ్మల్ని ఒకరోజు తీరాన ఉన్న తమ పేటకు తీసుకెళ్ళింది. మా బొద్దమ్మాయి వాళ్ళ అమ్మమ్మకు ఆ మాటలు పంపాలని మేం క్యాసెట్ రికార్డరు పట్టుకెళ్ళాం. మామిడికాయ వేసి నెత్తళ్ళనే చిన్న చేపలు వండిన చేపలావిడ అమ్మ దాని దగ్గరికి వంగి, కనపడని అమ్మమ్మను, "బాగున్నావేటి వొదినా?" అని పలకరించింది. తమ కూర ఎలా వండుతారో అంతా చెప్పింది. ఆ క్యాసెట్ మారిషస్‌కు పోస్టులో పంపాం.

నెలన్నరకు జవాబు క్యాసెట్ వచ్చింది. అందరం చేపలావిడ గుమ్మంలో కూర్చుని విన్నాం. అమ్మమ్మ కాస్త ఏడ్చింది, ముక్కు చీదింది, తర్వాత గొంతు పెంచింది.

"సేపల్లో మాంకాయ ఎవులేత్తారు వొదినా? సింతపండు కదేటి ఎయ్యాల!"

జవాబు చెప్పడానికి చేపలావిడ అమ్మ రికార్డరు లాక్కుంది. మేం చదివిన మూడేళ్ళూ ఆ తగువు తెగలేదు.