కిటికీ ఆరిందని సాక్ష్యం చెప్పాను

ఇప్పటికీ ఎవరైనా మా ఇంటికొచ్చి ఇల్లు బాగుందండి అంటే, "ఏం బాగులెండి, అంతా నెమ్ము" అనే మాటే ముందు నా నోట్లోంచి వస్తుంది. మా ఆయన నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఒకసారి బాగుందని నలుగురిలో నిలబడి చెప్పి, ఆ ఇల్లే పోగొట్టుకున్నదాన్ని.

ఎనభైల చివర్లో మా ఆయనకు తెనాలి నుంచి రేపల్లె బదిలీ అయింది. ఆయన గుమాస్తా, నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని. మాకు ఒక్కతే కూతురు, దానికి ఆయాసం. చలిగాలి తగిలినా, దుమ్ము రేగినా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. డాక్టరుగారు మందులు రాసిచ్చి, పిల్లను పొడిగా ఉండే ఇంట్లో ఉంచమ్మా అన్నారు. రేపల్లెలో పొడి ఇల్లట! ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క కాలవలు, కాస్త దూరం పోతే సముద్రం. డబ్బాలో ఉప్పే నీరుగారిపోయే ఊళ్ళో పొడి ఇల్లు ఎక్కడని వెతుకుతాం?

దొరికిందనే అనుకున్నాం. మా చర్చికే వచ్చే ఒక పెద్దావిడ, భర్త పోయి ఒంటరిగా ఉంటోంది, తన ఇంటి వెనక రెండు గదులు మాకిచ్చింది. గదికి అద్దాల కిటికీ ఉందని మురిపెంగా చూపించింది. ఆ వీధిలో మిగతావన్నీ చెక్క తలుపుల కిటికీలే మరి. "ఇది నీ ఇల్లే అనుకో చెల్లీ. ఎన్నాళ్ళయినా ఉండు" అంది. నేను నిజంగానే అలా అనుకున్నాను.

తొలి శీతాకాలంలోనే ఆ అద్దాల సంగతి బయటపడింది. తెల్లారి లేచేసరికి అద్దాలకు లోపలి వైపు నీళ్ళు ధారలు కట్టి, కింద చెక్క ఫ్రేములోకి దిగేవి. నవంబరు దాటేసరికి ఫ్రేము మూలల్లో, పక్క గోడ మీద నల్లటి బూజు, కాటుక అద్దినట్టు. పిల్ల మంచం సరిగ్గా దాని కిందే. అది పడుకోలేక లేచి కూర్చుంటే నేను వెనక ఆనుకుని కూర్చునేదాన్ని. ఇంటావిడ వచ్చి పిల్ల తల మీద చెయ్యిపెట్టి కళ్ళనీళ్ళతో ప్రార్థన చేసేది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆవిడంటే నాకు ప్రాణం. మా అమ్మ పోయాక నా పిల్ల కోసం అలా ఏడ్చినవాళ్ళు ఇంకొకరు లేరు.

ప్రార్థన చేసేది గానీ కిటికీ జోలికి వెళ్ళేది కాదు. పాత గోడ చెల్లీ, నెమ్ము దాని గుణం అనేది. క్రిస్మస్‌కి మేమంతా ఇళ్ళకు సున్నాలు వేయించుకుంటాం కదా, ఆవిడ కూడా వేయించింది, ఆ బూజు మీదే. గది తెల్లగా మెరిసిపోయింది. జనవరి దాటకుండానే ఆ తెలుపులోంచి నల్లచుక్కలు మళ్ళీ పైకి తేలాయి. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అన్నారా?

నాకు ఒళ్ళు మండింది. ఎవరో చెప్పారని వేపాకు పొగ వేశాను. బూజుకేమీ కాలేదు, పిల్ల మాత్రం ఇంకా దగ్గింది. అప్పుడే బాపట్లలో బంధువుల పెళ్ళికని వెళ్ళి నాలుగు రోజులు ఉండి వచ్చాం. వచ్చిన పొద్దున తాళం తీస్తే బయట మంచు దట్టంగా ఉంది, అద్దాలు మాత్రం పొడిగా ఉన్నాయి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ నీళ్ళు గోడలోంచి వచ్చేవి కావు, బయటి మంచువీ కావు. మావే. మా అన్నం ఆవిరి, మా తడిబట్టలు, కిటికీలు బిగించుకుని పడుకున్న మా ముగ్గురి ఊపిరి.

ఆ రోజే కిరసనాయిలు స్టవ్వు వరండాలోకి మార్చాను. గంజి వార్చడం పెరట్లోనే. గదిలో బట్టల తీగ తెంపేశాను. కిటికీ మీద వెంటిలేటర్‌లో దోమలొస్తాయని ఎవరో ఎప్పుడో గోనెగుడ్డ కుక్కి ఉంచారు, అది లాగి పారేసి చిరిగిన దోమతెర ముక్క అడ్డంగా కొట్టాను. పిల్ల మంచం గోడకు జానెడు ఎడంగా జరిపాను. పొద్దున్నే పాత నేతచీర ముక్కతో అద్దాలు తుడిచి, ఆ గుడ్డను బయటకు తీసుకెళ్ళి పిండి, ఆ తర్వాత దినపత్రిక కాగితంతో మళ్ళీ రుద్దేదాన్ని. ఎండలు ముదిరాక పిల్లను పక్కింట్లో ఉంచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సున్నం పెచ్చులన్నీ గీకేసి, చాకలిసోడా కలిపిన వేడినీళ్ళతో ఫ్రేము, గోడ తోమాను. బాగా ఎండనిచ్చి, కొత్త సున్నంలో కాస్త మైలుతుత్తం కలిపి నేనే పూశాను. భుజాలు పడిపోయాయి. బడిలో పిల్లలు నా గోళ్ళు చూసి, టీచర్‌గారు సున్నాలు వేస్తున్నారని గుసగుసలాడుకున్నారు.

మళ్ళీ శీతాకాలం వచ్చింది. పొద్దున్నే చూస్తే అద్దాల అంచుల్లో కాస్త తడి, అంతే. ఆ డిసెంబరంతా నా కూతురు పడుకుని నిద్రపోయింది. పడుకుని, కూర్చుని కాదు. ఎన్నాళ్ళ తర్వాతో నేను కూడా నిద్రపోయాను.

అంత సంతోషం కడుపులో దాగుతుందా? శుక్రవారం సాయంత్రాలు మా వీధిలో ఒకరింట్లో ప్రార్థన కూడిక ఉండేది. దేవుడు చేసిన మేలు ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తే లేచి నలుగురి ముందు చెబుతారు, దాన్నే సాక్ష్యం అంటాం. ఉద్యోగాలొచ్చాయని చెబుతారు, ఆపరేషన్లు గట్టెక్కాయని చెబుతారు. నేను లేచి కిటికీకి సాక్ష్యం చెప్పాను. నీళ్ళు ఎలా కారేవో, తాళం వేసిన ఇంట్లో నాకు ఎలా తట్టిందో, సోడా, సున్నం, ఏదీ వదలకుండా చెప్పాను. ఇప్పుడా గది కొబ్బరిచిప్పలా పొడిగా ఉంది, నా బిడ్డకు ఆయాసం లేదు, దేవునికి స్తోత్రం అన్నాను. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా ఇంటావిడే.

జనవరిలో ఒక సాయంత్రం ఆవిడ గిన్నెలో అరిసెలు పట్టుకుని వచ్చింది. నా పక్కనే మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"నీ సాక్ష్యం విన్నప్పుడే అనుకున్నాను చెల్లీ. బాపట్లలో మా తమ్ముడి మనవరాలికీ ఇదే ఆయాసం. దేవుడు ఈ గది దాని కోసమే సిద్ధపరిచాడేమో."

నాకు మొదట అర్థం కాలేదు. మమ్మల్ని ఖాళీ చెయ్యమంటోందని తర్వాత తట్టింది.

"మరి మా పిల్లో అక్కయ్యగారూ?" అన్నాను.

"నీకేంటమ్మా, కిటుకు తెలిసినదానివి. ఏ ఇంటికెళ్ళినా బాగుచేసుకుంటావు."

నా చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. అదే మెత్తటి చెయ్యి. గొంతు కోసేవాళ్ళు కత్తి పట్టుకుని వస్తారనుకునేదాన్ని, అరిసెలు పట్టుకుని కూడా వస్తారని ఆ రోజు తెలిసింది. వాళ్ళ పిల్ల మీద నాకు కోపం లేదు. నా పిల్ల పక్కన కూర్చుని ఏడ్చిన మనిషి, దాని ఊపిరి ఎలా ఆడేదో కళ్ళారా చూసిన మనిషి, మళ్ళీ దాన్ని ఏ గోడ కిందకు తోస్తుందో ఆలోచించకుండా ఆ మాట అనేసింది చూడండి, అదే ఈనాటికీ మింగుడుపడదు.

మేం సామాను సర్దుతుండగానే బాపట్ల నుంచి ఆ పిల్లా తల్లీ దిగారు. ఇంటావిడ ఏమాత్రం మొహమాటం లేకుండా, వెళ్ళేముందు కిటికీ సంగతి మా వాళ్ళకు చెప్పి వెళ్ళమంది. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఊపిరి తీస్తుంటే అవే పిల్లికూతలు. ఆ తల్లిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. గుడ్డ గదిలో పిండొద్దమ్మా, బయటే పిండు అని చేసి చూపించాను. ఇంటావిడ వైపు మాత్రం చూడకుండా రిక్షా ఎక్కాను.

మా ఆయన తంటాలు పడి బదిలీ తిరిగి తెనాలికే వేయించుకున్నారు. తొందరలో దొరికింది కాలవ ఒడ్డు ఇల్లు. ఆ వానల్లోనే పిల్లకు మళ్ళీ మొదలైంది. మళ్ళీ కూర్చునే నిద్రలు, మళ్ళీ గీకడం, సోడా, సున్నం. ఏడుస్తూనే తోమాను. ఏడాది తిరిగేసరికి ఆ ఇల్లూ దారికొచ్చింది. ఒక్కటి మాత్రం చేశాను. వీధి వైపు కిటికీలో ఒక అద్దం తుడవడం మానేశాను. అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు వచ్చినప్పుడల్లా వాళ్ళ కళ్ళు దాని మీదే పడేవి. ఎలా ఉంటున్నారో ఏంటో అని జాలిపడి వెళ్ళిపోయేవారు. నాకు కావలసిందీ అదే.

ఒక శుక్రవారం కూడిక మా ఇంట్లోనే పెట్టారు. నా కూతురు ముందు వరసలో కూర్చుని ఊపిరికి తడుముకోకుండా పాట పాడింది. పాట అయ్యాక పెద్దాయన నా వైపు తిరిగి, సాక్ష్యం ఏమైనా ఉందా అమ్మా అని అడిగారు.

"నాకేం లేదండి" అన్నాను.

పిల్ల చటుక్కున తల తిప్పి నన్ను చూసింది. అందరూ వెళ్ళాక చాపలు చుడుతుంటే దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మా, నాకు తగ్గిపోయింది కదా. చెప్పలేదేం?"

"మెల్లగా అనవే" అన్నాను. "ఇంటివాళ్ళు వింటారు."