దండ తీసినంకనే లేపాలె

మా మేనమామ పోయాడు. చాయ్ చేతికిస్తే అందుకోలేదని పొద్దున్నే అత్త ఫోన్ చేసి ఏడ్చింది.

మామ హైదరాబాద్‌లో విమానాల భద్రత చూసే ఆఫీసులో నిబంధనలు రాసేవాడు. రిటైరై చొప్పదండి వచ్చినా ఆ పని ఆయనను వదల్లేదు. పొలాల మీద మందు కొట్టే డ్రోన్ల రూల్స్ చూసిపెట్టమని పాత ఆఫీసువాళ్లు అడిగేవారు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి నిట్టూర్చేవాడు. "ఒక మిషిన్‌కు రూల్ రాసేలోపల బజార్ల నాలుగు కొత్తయి దిగుతున్నయిరా. నడిచెటోడు ఉరికెటోని ఎంబడి ఎంత దూరం పోతడు?"

పోయిన దసరాకు మా తమ్ముడు కొత్త డ్రోన్ కొన్నాడు. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ కట్టాడు. ట్రాక్టర్‌కు కట్టమా, దీనికీ అంతే! ఆ దండతోనే పైకి లేపాడు. దారం రెక్కకు చుట్టుకొని మిషిన్ కూలింది. చూస్తూ నిలబడ్డ అత్త ముంజేతికి రెక్క తగిలి కుట్లు పడ్డాయి.

మామ తిడతాడనుకున్నాం. గట్టు మీద కూలబడ్డాడు. "బరువు రాసినం, ఎత్తు రాసినం, బ్యాటరీ రాసినం. దండ సంగతి తట్టనే లేదు. గిది నా తప్పే." ఆయన తప్పెట్లా అవుతుంది? కట్టింది మేము.

అప్పటినుంచి ఒకటే పట్టు. కట్టినవన్నీ తీసి, మనుషుల్ని దూరం జరిపాకే ఎగరెయ్యాలన్న ఒక్క మాట రూల్స్‌లో ఎక్కాలి. పాత ఆఫీసుకు ఫోన్ చేస్తే, "గా మోడల్ పాతదైంది సార్, ఇప్పుడు మనుషులెక్కే డ్రోన్ల పని మీదున్నం" అనేవారట. "వాటికి సుత దండలు కడ్తరయ్యా" అని నవ్వేవాడు. ఆ నవ్వులో ఓపిక ఎప్పుడో అయిపోయింది. ఆ మాట ఎక్కకుండానే పోయాడు.

మూడోరోజు తానాలు చేసి, తడిబట్టలతోనే పొలం దగ్గర పిట్టకు పెట్టాం. విస్తట్లో ఆయనకిష్టమైన సర్వపిండి, కోడికూర. కాకులు కరెంటు తీగల మీదే కూర్చున్నాయి. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలినట్టే. అత్తను మంచిగ చూసుకుంటమని తలా ఒక మాట ఇచ్చాం. రాలే. ఎండ ఎక్కింది.

చివరికి తమ్ముడు విస్తరి ముందు వంగాడు. "మామా, రూల్ వచ్చినా రాకున్నా దండ తీసినంకనే లేపుత. మంది దూరం జరిగినంకనే లేపుత. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఒక కాకి దిగింది. సర్వపిండి ముక్క నోట పట్టిందో లేదో, పక్క చెల్కలో ఎవరిదో డ్రోన్ గుర్రున లేచింది. కాకులన్నీ చెదిరిపోయాయి.

అత్త అటే చూస్తూ, "పోయి వానికి సుత చెప్పు బిడ్డా" అంది.

తమ్ముడు తడిబట్టలతోనే గట్టు వెంబడి నడిచాడు.