కాదనని పేరు

ఒక మనిషి బతుకుతెరువు పోగొట్టాను. ఆ బరువును ఏళ్లుగా మర్యాద కింద దాచుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నంద్యాల దగ్గర ఒక విత్తనాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. ఆళ్లగడ్డ వైపు మాకు ఒకప్పుడు చాలా పొలం ఉండేది. నా దాకా వచ్చింది ఇంటిపేరు ఒక్కటే. మా పొలంలో జీతగాడిగా చేసినాయన కొడుకు ఓబులేసు. అతనూ ఆ ఫ్యాక్టరీలోనే, నాతో సమానమైన ఉద్యోగంలో చేరాడు. వాళ్ల నాయన మా తాతను ‘అయ్యా’ అనేవాడు. ఇతను నన్ను ‘అన్నా’ అనేవాడు. ఆళ్లగడ్డ బస్సులో జనం జరిగి చోటిచ్చేది అతనికే.

మొలకెత్తని పాత విత్తనాన్ని కొత్త సంచుల్లో నింపి అమ్ముతున్నారని మా ఇద్దరికీ తెలుసు. ఒకరోజు అతను, “వ్యవసాయశాఖోళ్లకు చెప్పేకి పోతాండా. నువ్వూ రా అన్నా. మన పేర్లు బయటపెట్టరంట” అన్నాడు. నేను వెళ్లలేదు. భయమా? భయమే అయితే ఎప్పుడో నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. మా ఇంట పుట్టాల్సిన తెగువ వాళ్లింట పుట్టిందే అని కడుపుమంట.

అధికారులు వచ్చి సరుకుకు సీలు వేశారు. ఫిర్యాదు ఎవరిదో చెప్పలేదు. మర్నాడు యజమాని నన్ను గదిలోకి పిలిచాడు.

“ఎవురప్పా చెప్పింది?”

“నాకు తెలీదు.”

“మీ ఇంట్లో అబద్ధమాడరంటారే! సరే, నేను పేర్లు చెప్తా. కానోళ్ల పేరుకు కాదని చెప్పు. సుబ్బయ్య?”

“కాదు.”

“మాబాషా?”

“వానికంత ధైర్యం యాడిది? కాదు.”

“ఓబులేసు?”

నేను కిటికీలోంచి బయటకు చూశాను.

యజమాని నవ్వాడు. “నువ్వేం చెప్పలేదులేప్పా. మీ ఇంటి మర్యాద యాడికీ పోలే.”

అబద్ధమాడలేక ఆగిపోయానని నాకు నేను చెప్పుకున్నాను. మరి మొదట ‘తెలీదు’ అన్నానే, అది నిజమా? సుబ్బయ్యను, మాబాషాను కాపాడిన నోరు మూడో పేరు దగ్గర ఎందుకు మూతపడింది?

దొంగతనం అంటగట్టి ఓబులేసును పనిలోంచి తీసేశారు. అతను కోర్టుకు వెళ్లాడు. ఫిర్యాదు చేసింది ఎవరో యజమానికి ముందే తెలుసని ఒక్కరు సాక్ష్యం చెబితే, కక్షతోనే తీసేశారని నిరూపించవచ్చని లాయరు అన్నాడట. సాక్ష్యానికి రమ్మని అతను నన్నే అడిగాడు. “నాకేం తెలుసు?” అన్నాను, నిటారుగా నిలబడి. అతను కేసు ఓడిపోయాడు. ఫిర్యాదు చేసినవాడిగా అతని పేరు ఏ అధికారి నోటా రాలేదు, ఏ కాగితంలోనూ లేదు. ఏ చట్టానికీ నేను దొరకను.

ఇప్పుడతను గోస్పాడు దగ్గర కౌలుకు చేస్తున్నాడు. విత్తనం కొనేముందు చుట్టుపక్కల రైతులు అతనికి చూపించి కొంటారట. ఆ మాట చెవిన పడ్డప్పుడు సిగ్గుపడతానేమో అనుకున్నాను. మళ్లీ ఆ మంటే లేచింది.

అతని ఎదుట తలవంచడం ఈ రోజుకీ నా వల్ల కాదు. క్షమించమని మిమ్మల్నీ అడగను. ఓబులేసును పట్టించింది నేనే. ఇంత చిన్న వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక, ఊపిరి కొంచెం ఆడుతోంది.